నెత్తి మీద చెయ్యి

జడను పాత పేపరులో చుట్టి తెచ్చాడు ఉస్మాన్ సాబ్. గుంత మగ్గంలో కాళ్ళు దించుకుని తువాళ్ళు నేస్తున్న శేషప్ప ఎదురుగా కూర్చుని, ఆ పొట్లాన్ని మెల్లగా విప్పాడు. మూరెడు జడ. కొసన ఎర్ర రిబ్బను ముడి ఇంకా విడలేదు. కొబ్బరినూనె వాసన గదంతా పరుచుకుంది.

“సూడు శేషప్పన్నా. నా బిడ్డ మహజబీన్‌ది. నిన్న బడిలో మీ పాప కత్తిరించింది. అందరూ సూస్తాండంగనే.”

పోగుల నడుమ అటూ ఇటూ పోయే నాడె శేషప్ప చేతిలో ఆగిపోయింది. పోగులు తెంపే చిన్న కత్తెర కోసం చెయ్యి దానంతట అదే పక్కకు పోయింది. ఎప్పుడూ ఉండే చోట కత్తెర లేదు. నిన్నటి నుంచీ దాన్ని వెతుకుతూనే ఉన్నాడు.

ఉస్మాన్ సాబ్ ఎమ్మిగనూరులో పరుపులు కుట్టి బతికే మనిషి. రెండు వీధుల అవతల దుకాణం. అరిచే రకం కాదు. అరిచి ఉంటే శేషప్పకు కొంచెం తేలికగా ఉండేది.

“ఇద్దరూ ఒకే బెంచీ గదప్పా. మొన్న రంజాన్‌కు మా ఇంట్లో సేమ్యా తిని పోయింది. పిల్లలన్నాక కొట్టుకుంటారు, రక్కుకుంటారు. జడ కత్తిరించేది ఏంది? నేను పంచాయితీ పెట్టనీకి రాలేదు. యాల చేసిందో తెలుసుకుందామని వచ్చినా, అంతే.”

గదిలో ఆ మూల, రాట్నం ముందు కూర్చుని నాడెకు నూలు కండెలు చుడుతున్న అతని పెళ్ళాం లత కూడా చెయ్యి ఆపేసింది. జడను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శేషప్ప ఆమె వైపు తిరగలేదు.

“మంజూ!” అని పిలిచాడు.

లోపలి నుంచి వచ్చి గడప మీద నిలబడింది మంజు. పదమూడేండ్ల పిల్ల. ఎనిమిదో తరగతి. వచ్చీరాగానే కుడి అరచెయ్యి ఎత్తి నెత్తి మీద పెట్టుకుంది, ఎండకు అడ్డం పెట్టుకున్నట్టు.

“కత్తెర యాడుందే?”

“పారేసినా.”

“యాల కత్తిరిస్తివి ఆ పాప జడ?”

మంజు నేల చూసింది. శేషప్పకు ఉక్రోషం వచ్చింది. మూడడుగుల దూరంలో ఉన్న పెళ్ళాం వైపు చూపు కూడా తిప్పకుండా కూతురితో అన్నాడు: “మీ అమ్మతో చెప్పు, బిడ్డను బాగ పెంచినాదని.”

మంజు తల్లి వైపు తిరిగింది. “అమ్మా, నాయన సాబుకు టీ పెట్టమంటాడు.”

శేషప్ప అన్న మాట లత చెవిన పడింది. ఉస్మాన్ సాబ్ చెవినా పడింది. అయినా లత, కూతురు నోరు విప్పినాకే విన్నట్టు, అప్పుడు తల ఎత్తింది.

“మీ నాయనతో చెప్పు, నేనొక్కదాన్నే పెంచినానంటే, ఆయప్ప ఇంట్లో లేక యాడన్నా జైల్లో ఉన్న్యాడా అని.”

మంజు తండ్రి వైపు తిరిగింది. “నాయనా, అమ్మ చక్కెర అయిపోయిందంటాది.”

ఉస్మాన్ సాబ్ ఇద్దరినీ చూశాడు. నడుమ నిలబడ్డ పిల్లను చూశాడు. జడను మళ్ళీ పేపరులో చుట్టుకుని లేచాడు. “చాయ్ వద్దులే అన్నా,” అని, గడప దగ్గర మంజు భుజం తట్టి వెళ్ళిపోయాడు.

వీధిలో అందరికీ ఇది పాత సంగతే. నాలుగేండ్ల కిందట శేషప్ప తల్లి శ్రీశైలమ్మ మంచాన పడింది. ఆ వారంలోనే ఆదోనిలో లత తమ్ముడు జగదీష్ తన బిడ్డను తొట్టిల్లో వేశాడు. లత ఒక్క పూటకని పోయింది. ఆమె తిరుగు బస్సు ఎక్కేలోపు ముసలామె ప్రాణం పోయింది. బస్టాండు నుంచి పరుగెత్తి వచ్చిన లతను శేషప్ప గడప దగ్గరే ఆపాడు. శవం ముందర, నూరు మంది ముందర అన్నాడు: “నా తల్లిని గుక్కెడు నీళ్ళు లేకుండా సంపితివి. నీ ఏడుపు ఈడ వద్దు. పో, ఆ తొట్టిలి ఊపుకో పో.”

అప్పుడు లత ఏమందో శేషప్పకు సరిగా గుర్తు లేదు. ఏదో ఒట్టు పెట్టుకుంది, ఇంక ఈ మనిషితో మాట్లాడనని. ఆడవాళ్ళ ఒట్లు ఎన్ని చూడలేదు, దినాలు కానీ, సర్దుకుంటుంది అనుకున్నాడు. దినాలయ్యాయి, నెల మాసికం అయింది, సంవత్సరీకమూ అయింది. ఆమె నోరు విప్పలేదు. ఆడది తానే బిగుసుకుంటే మగవాణ్ణి నాకేంటని ఇతనూ బిగుసుకున్నాడు. ఒకే గది. ఒకే మగ్గం. ఆమె చుట్టిన కండె లేకపోతే ఇతని నాడె నడవదు. ఇతను నెయ్యకపోతే ఆమె పొయ్యి వెలగదు. అయినా మాట లేదు.

నడుమ మంజు మిగిలింది. నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయినట్టు మాటలు మోసింది. “నల్ల కండెలు అయిపోయినాయని మీ అమ్మతో చెప్పు.” “అన్నం పెట్టినానని మీ నాయనతో చెప్పు.” మంజు బడికి పోయిన వేళల్లో గోడ ఉండేది. “ఈ ఇంట్లో ఎవరికన్నా ఆకలైతే గిన్నెలో సంగటి ఉంది,” అని లత గోడతో చెప్పేది. “గోడా, నాకు ఆకలి లేదు,” అని శేషప్ప గోడకే జవాబిచ్చేవాడు. పక్కింటివాళ్ళు నవ్వుకునేవారు. మొదట్లో వీళ్ళకే నవ్వొచ్చేది, పైకి కనపడనీయకుండా.

మంజు మొదట్లో మాటలు ఉన్నవి ఉన్నట్టే చెప్పేది. తర్వాత ముల్లు తీసి చెప్పడం నేర్చింది. ఈ రెండేండ్లుగా ఏది చెబుతుందో దేవుడికెరుక. బడి నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒక పిల్లవాణ్ణి చెయ్యి కొరికింది. టీచరమ్మ సంతకం తానే పెట్టుకుంది. పోయిన ఉగాది నాడు సాయంత్రం చెప్పకుండా ఆదోని బస్సెక్కింది. జగదీష్ సైకిల్ షాపులో కూర్చుని ఉంటే శేషప్ప పోయి పట్టుకొచ్చాడు. దారిపొడుగునా అడిగినా నోరు విప్పలేదు.

ఇంకొక అలవాటు కూడా పట్టుకుంది పిల్లకు. ఉత్త పుణ్యానికి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంటుంది. పేన్లేమోనని లత దువ్వెన పెట్టి గీకింది. పేన్లు లేవు. బడిలో పిల్లలు ‘గంప మంజు’ అని పేరు పెట్టారు, నెత్తిన గంప మోస్తున్నట్టు ఉంటుందని.

ఉస్మాన్ సాబ్ వచ్చి పోయిన నాడే బడి పెద్ద శామ్యూల్ సార్ ఫోన్ చేశాడు. “శేషప్పా, సోమవారం పొద్దున ఇద్దరూ రావల్ల. ఒక్కరొస్తే కుదరదు. ఇద్దరూ కూర్చుని కాగితం మీద సంతకం పెడితే పిల్ల బడిలో ఉంటాది. లేదంటే టీసీ ఇచ్చి పంపుతా. నాకు ఇంకో దారి లేదు.”

శేషప్ప వీధి కొళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ మంజుతో చెప్పాడు. “సోమవారం బడికాడికి రమ్మన్నాడు సారు. ఇద్దరమూ పోవల్లంట. మీ అమ్మతో చెప్పు.”

మంజు తల ఊపింది.

సోమవారం శేషప్ప ఉతికిన చొక్కా వేసుకుని ముందుగానే పోయాడు. లత పక్కన నడిచి పోవడం ఇతనికే ఎలాగో ఉంది. బడి వరండాలో నిలబడి గేటు వైపు చూశాడు. ప్రార్థన అయింది. మొదటి గంట అయింది. లత రాలేదు.

“మీ ఆమె యాది?” అన్నాడు శామ్యూల్ సార్.

“రాలేదు సార్. ఆమె పొగరు అట్లాంటిది.”

“చెప్పినావా?”

“చెప్పి పంపినా సార్, పాపతో.”

“ఏ పాపతో?”

“మంజుతోనే.”

సార్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. “దొంగ చేతికే తాళాలిచ్చినట్టుంది నీ కత. ఫోన్ చెయ్యి ఆమెకు.”

శేషప్ప ఫోన్ తీశాడు. లత నంబరు దగ్గర వేలు ఆగింది. నాలుగేండ్లలో ఒక్కసారీ నొక్కని నంబరు. ఫోన్ సార్ ముందు పెట్టాడు. “మీరే మాట్లాడండి సారూ.”

సార్ అతన్ని ఎగాదిగా చూసి తనే మాట్లాడాడు. ఊ, ఊ అన్నాడు. పెట్టేశాక ఫోన్‌ను శేషప్ప వైపు తోశాడు.

“నువ్వు రావద్దన్న్యావంట. ‘మీ అమ్మ వస్తే నా పరువు పోతాది, నేనొక్కణ్ణే పోతా’ అన్న్యావంట. పాప చెప్పిందంట. ఏడుస్తాండాది ఆమె.”

శేషప్పకు ముఖం చెల్లలేదు. “అబద్ధం సార్. నేను అట్ల అనలేదు.”

“నాకు తెలుసు. ఈ పిల్ల అబద్ధాలాడతాది అబద్ధాలాడతాది అని మా టీచర్లందరూ మొత్తుకుంటాండారు. యాడ నేర్చుకునిందో ఇప్పుడు తెలిసింది. మా ఇంట్లోనూ అమ్మానాయనా కొట్టుకునేటోళ్ళు శేషప్పా. నేను పోయి మూలన కూర్చునేటోణ్ణి. ఈ పిల్లకు మీరు ఆ మూల కూడా లేకుండ చేసినారు. నట్టనడుమ నిలబెట్టినారు.” సార్ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. “వచ్చే సోమవారం దాకా చూస్తా. ఇంటికి పో. మీ ఆమెతో మాట్లాడు. పిల్ల లేనప్పుడు, నీ నోటితో.”

శేషప్ప మాటకారి కాడు. దారిలో నాలుగు మాటలు కూడబలుక్కున్నాడు. ఇల్లు చేరేసరికి ఒక్కటీ మిగల్లేదు.

ఇంట్లో లత మగ్గం వెనక కూర్చుని ఉంది. మగ్గం మీద పరిచిన నిలువు పోగుల పాత పడుగు అయిపోయింది. కొత్త పడుగు పోగులను మగ్గం మీద మిగిలిన పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వెయ్యి పైచిలుకు పోగులు. ఒకరు పోగు ఏరి అందిస్తే ఒకరు మెలిపెట్టే పని. తల్లి ఉన్నప్పుడు తల్లి అందించేది. ఆమె పోయినాక మంజు. ఇప్పుడు లత ఒక్కతే ఏరుకుంటూ, ఒక్కతే మెలిపెట్టుకుంటూ ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

శేషప్ప పోయి ఎదురుగా కూర్చున్నాడు. ఒక పోగు ఏరి అందించాడు. లత చెయ్యి గాలిలో ఆగింది. తర్వాత పోగు అందుకుంది. ఇంకొకటి అందించాడు. అది కూడా అందుకుంది. అట్లా ఒక నూరు పోగులయ్యాయి.

“నేను రావద్దని అనలేదు,” అన్నాడు శేషప్ప పోగుతో చెబుతున్నట్టు. “రమ్మనే చెప్పి పంపినా.”

లత తల ఊపింది. నోరు విప్పలేదు.

“పిల్ల మాట మార్చినాది.”

మళ్ళీ తల ఊపింది. కంటి నీరు మెలిపెట్టే వేళ్ళ మీద పడింది. తడి తగిలితే మెలి జారిపోతుంది. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది.

ఇంకా బెట్టు పోలేదు, పోనీ, తల అన్నా ఊపుతోంది అనుకున్నాడు శేషప్ప. మంగళవారం, బుధవారం కూడా మంజు బడికి పోయినాక ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు. ఇతను మాట్లాడేవాడు. ఎప్పుడో పెండ్లయిన కొత్తలో మాట్లాడినట్టు, పొడి పొడిగా. తుగ్గలి ఊళ్ళో ఉన్న చుట్టం సంగతి, పవర్‌లూముల సంగతి, ఉగాదికి ఆమె బెల్లం పూర్ణం పెట్టి చేసిన ఓళిగల సంగతి. ఆ రోజు ఆమె తన చేత్తో వడ్డించి పక్కనే నిలబడింది కదా, “ఓళిగ బాగుంది” అని ఇతను ఆమె ముఖం చూసి అన్నాడు కదా, ఆ సంగతి. ఆమె తల ఊపేది. ఒకసారి పోగు తప్పు అందిస్తే అతని వేలి మీద చిన్నగా కొట్టింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

బుధవారం ఆ నవ్వు వేళకు గడపలో నీడ పడింది. మంజు. బడి మధ్యలోనే వచ్చేసింది. పుస్తకాల సంచి భుజాన, చెయ్యి నెత్తిన. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తల్లి పెదవుల వైపే చూసింది.

“ఏమ్మే, అప్పుడే వచ్చినావు?” అన్నాడు శేషప్ప నవ్వు ముఖంతోనే.

“కడుపునొప్పి,” అంది మంజు. అది కూడా అబద్ధమేనని శేషప్పకు తెలుసు. ఆ పూట ఏమీ అనబుద్ధి కాలేదు.

గురువారం మధ్యాహ్నానికి అతకడం అయిపోయింది. పడుగంతా బిగించి, దువ్వెన పళ్ళ లాంటి అచ్చులోంచి లాగి, మరునాడు నేత మొదలుపెట్టాలని తయారుగా ఉంచారు. శేషప్ప నేసిన తువాళ్ళ కట్ట షావుకారుకు ఇచ్చిరావడానికి పోయాడు. లత నీళ్ళకు పోయింది. కడుపునొప్పని రెండో రోజూ బడి మానిన మంజు ఇంట్లో ఉంది.

ఇద్దరూ ఒకేసారి తిరిగి వచ్చారు. గడప దగ్గర లత బిందె దించుతుంటే ఇతను చెయ్యి వేశాడు. ఆ బిందెను పట్టుకునే ఇద్దరూ లోపలికి చూశారు.

పడుగు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తెగి ఉంది. మూడు రోజులు వేళ్ళు కాయలు కాసేలా అతికిన వెయ్యి పోగులు మగ్గానికి రెండు పక్కలా వేలాడుతున్నాయి, ఉస్మాన్ సాబ్ తెచ్చిన జడ లాగే. మంజు మగ్గం పక్కన కూర్చుని ఉంది. పారేశానన్న కత్తెర ఒళ్ళో ఉంది. పారిపోలేదు. దాక్కోలేదు.

శేషప్పకు కళ్ళు కమ్మాయి. బిందె వదిలేశాడు. పడుగు సందున పెట్టే వెదురు బద్ద చేతికి దొరికింది. ఎక్కడ తగులుతోందో చూసుకోలేదు. “యాల? యాల చేసినావే? ఇల్లు బాగుపడతాంటే నీకు కండ్లల్లో నిప్పులా? ఉగాది నాడూ అంతే! ఇప్పుడూ అంతే! నా కడుపున పుట్టిన శనివే నువ్వు!” ఒక్కొక్క మాటకూ ఒక దెబ్బ. మంజు అరవలేదు. చేతులు అడ్డం పెట్టుకోలేదు. నెత్తి ఒక్కటి చేత్తో కప్పుకుంది. వీపు, భుజాలు, మోచేతులు వదిలేసింది.

లత అడ్డం పడింది. ఒక దెబ్బ ఆమెకు తగిలింది. బద్దను రెండు చేతులా పట్టుకుని అరిచింది:

“కొట్టద్దయ్యా! పిల్ల సచ్చిపోతాది! నీ కాళ్ళు మొక్కుతా, ఆపు!”

శేషప్ప చెయ్యి ఆగిపోయింది.

నాలుగేండ్ల తర్వాత తనతో అన్న మాట. ఆ కోపంలో, ఆ రొప్పులో కూడా అతని గుండెలో ఏదో చల్లగా కదిలింది. మాట్లాడింది, అనుకున్నాడు. చచ్చేదాకా అతన్ని సిగ్గుపడేలా చేసింది ఆ క్షణమే. ఎందుకంటే అప్పుడు కూతురి ముఖం చూశాడు.

దెబ్బలకు ఏడవని పిల్ల ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. నోరు తెరుచుకుని తల్లినే చూస్తోంది. రెండో చెయ్యి కూడా నెత్తి మీదికి పోయింది.

“మాట్లాడితివి,” అంది. “అమ్మా. నాయనతో మాట్లాడితివి.”

లత చేతిలోంచి బద్ద జారింది.

“ఇంక నేను సచ్చిపోతా గదా,” అంది మంజు. కోపం లేదు ఆ గొంతులో. బస్సు వేళ అడిగినట్టు అడిగింది. “ఎప్పుడమ్మా? ఈ పొద్దేనా?”

“ఏందే, ఏమంటాండావు?” అన్నాడు శేషప్ప.

లత నేల మీద కూలబడి నుదురు కొట్టుకుంది. అప్పుడు శేషప్పకు గుర్తొచ్చింది. శవం ముందర, ఇతను ఆ మాట అన్నాక, లత ఏడుపు ఆపి పక్కన నిలబడ్డ తొమ్మిదేండ్ల మంజును దగ్గరికి లాక్కుంది. నెత్తి మీద చెయ్యి పెట్టింది. “ఈ మనిషితో ఇంక ఒక్క మాట మాట్లాడితే ఈ పిల్ల నా సేతుల్లో పోయినంత ఒట్టు” అంది. అందరూ విన్నారు. ఇతనూ విన్నాడు. తల్లి పోయిన దుఃఖంలో ఇతను మరచిపోయాడు. వీధి మరచిపోయింది. ఎవరి నెత్తి మీద పెట్టారో ఆ పిల్ల మరవలేదు.

“నీకు యాదుందా?” అంది లత. “నువ్వు సిన్నపిల్లవి. నువ్వు మర్చిపోయినావనుకుంటి. నేనే, నేనే బయపడి సస్తాంటి రోజూ. అందుకే తల ఊపుతాంటి గానీ...” మాట పూర్తి కాలేదు.

మంజు ఒక్కొక్కటీ చెప్పింది. దాచుకోవడానికి ఇంక ఏమీ మిగలనట్టు చెప్పింది. ఉగాది నాడు నాయన ఓళిగ బాగుందన్నప్పుడు అమ్మ నోరు కదిలింది, అందుకని ఆదోని బస్సెక్కింది. తను ఇంట్లో లేకపోతే చావు తనను వెతుక్కుంటూ పోవాల్సి వస్తుందని. బడిలో సార్ ముందు ఇద్దర్నీ కూర్చోబెడితే మాట్లాడాల్సి వస్తుంది, అందుకని మాట మార్చింది. నిన్న అమ్మ నవ్వింది. నవ్వాక మాటే.

“పడుగు తెగితే మీరిద్దరూ మళ్ళీ కొట్లాడుకుంటారనుకుంటి,” అంది.

“మహజబీన్ జడ?” అన్నాడు శేషప్ప. అడగాలని కాదు. నోటికి అదే వచ్చింది.

“తన రబ్బరు నేను దొంగిలించినానని టీచర్‌తో చెప్పి, నిజంగనే అని నా నెత్తి మీద సెయ్యి పెట్టి ఒట్టేసింది. అది అబద్ధం. ఒట్టు తీసి గట్టు మీద పెట్టు అంటి. ఎన్నిసార్లో అడిగితి. నవ్వింది. తీయనంటే తీయనన్న్యాది. రెండు ఒట్లు నేను మోయలేను నాయనా.”

లత పాక్కుంటూ కూతురి దగ్గరికి పోయింది. పిల్ల చేతులు రెండూ నెత్తి మీద నుంచి తీసింది. తన చెయ్యి అక్కడ పెట్టి, ఏదో బరువు ఎత్తినట్టు పిడికిలి పట్టి, గడప మీద దించింది. “ఒట్టు తీసి గట్టు మీద పెట్టినా. సూడు. తీసేసినా. పోయింది. ఇంక లేదు.” మళ్ళీ పోయి మళ్ళీ ఎత్తి మళ్ళీ దించింది. నాలుగు సార్లో, ఐదు సార్లో.

మంజు చూస్తూ కూర్చుంది.

“అప్పుడే తీసింటే సరిపోయేది గదమ్మా,” అంది. “మాట్లాడినాక తీస్తే పనికొస్తాదా?”

ఆ సాయంత్రం మంజు పుస్తకాల సంచి తీసి అటక మీద పెట్టింది. తన మట్టి గాజులు తీసి తల్లి గాజుల డబ్బాలో వేసింది. చాప పరుచుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. ఆకలి లేదంది. మరునాడు జ్వరం వచ్చింది. డాక్టరు సూది వేసి, వడదెబ్బ కావచ్చన్నాడు. జ్వరం రెండు రోజులకు దిగింది. పిల్ల మాత్రం లేవలేదు.

ఏమీ కాదని చూపించడానికి లత, శేషప్ప పిల్ల ముందు కూర్చుని మాట్లాడుకున్నారు. నాలుగేండ్లుగా లోపల కుక్కుకున్నదంతా ఉందనుకున్నారు గానీ, నోరు తెరిస్తే పెద్దగా ఏమీ రాలేదు.

“మీ అమ్మే పొమ్మన్నాది నన్ను ఆదోనికి,” అంది లత. “ ‘పోమ్మా, తమ్ముడి బిడ్డ, పోకుంటే బాగుండదు’ అన్నాది. నీళ్ళు తాపిచ్చే పోతి.”

“నాకు తెల్దు.”

“నువ్వు అడిగితివా?”

గోటితో పోయేదది. చాప మీద మంజు, వాళ్ళ ఒక్కొక్క మాటకూ భుజాలు దగ్గరికి ముడుచుకుంటోంది. వాన చినుకు మీద పడ్డ కుక్కపిల్ల ముడుచుకున్నట్టు.

ఉస్మాన్ సాబ్‌కు సంగతి తెలిసి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మహజబీన్ తలకు దుపట్టా కట్టుకుని ఉంది. చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, “మంజూ, నేను తీసేసినా ఒట్టు. అల్లా తోడు, తీసేసినా,” అని ఏడ్చింది. మంజు ఆ పిల్ల దుపట్టా కింద కత్తిరించిన జుట్టును వేళ్ళతో తడిమింది. “నీది తీసేస్తే నీది పోతాదిలే,” అంది. “మా అమ్మది అట్ల కాదు. మాట్లాడినాక తీసినాది.”

సోమవారం శేషప్ప, లత కలిసి బడికి పోయారు. దారిలో ఎవరైనా చూస్తే చూశారు. శామ్యూల్ సార్ రెండు కుర్చీలు వేయించాడు. అంతా విన్నాడు. తర్వాత కాగితం ముందుకు జరిపాడు. శేషప్ప వంకర అక్షరాలతో సంతకం పెట్టాడు. లత పెట్టింది. టీసీ ఇవ్వలేదు. మంజు పేరు రిజిస్టరులో అట్లాగే ఉంది. బెంచీ మీద మహజబీన్ పక్కన చోటు అట్లాగే ఉంది. “నేను వారానికొకసారి ఇంటికొచ్చి పిల్లను చూస్తా,” అన్నాడు సార్. “కర్నూలు పెద్దాసుపత్రిలో ఇట్లాంటివి చూసే డాక్టరు ఉన్నాడేమో కనుక్కుంటా. లేస్తాది. ఎప్పుడని మాత్రం నేను చెప్పలేను.”

తెగిన పడుగు మగ్గం మీద అట్లాగే వేలాడుతోంది. దాన్ని అట్లా వదిలేస్తే పొయ్యి వెలగదు. మంగళవారం ఇద్దరూ కూర్చున్నారు, ఇతను ఒక పక్క, ఆమె ఒక పక్క. తెగిన ప్రతి పోగునూ మళ్ళీ దాని పోగుకే కలపాలి.

కాసేపటికి చాప మీద నుంచి మంజు లేచి వచ్చింది. పిలవలేదు ఎవరూ. ఇద్దరి నడుమ, తన పాత చోట్లో కూర్చుంది. ఒక పోగు ఏరి తల్లికి అందించింది. ఇంకొకటి అందించింది.

“సూడు, పాప ఎంత బాగ అందిస్తాండాదో,” అంది లత, శేషప్పతో.

మంజు చేతిలోని పోగు జారింది. చెయ్యి నెత్తి మీదికి పోయింది.

“ఏమీ కాలేదు గదమ్మా,” అన్నాడు శేషప్ప. “ఐదు దినాలైంది. సూడు, ఏమీ కాలేదు.”

రెండో చెయ్యి కూడా నెత్తి మీదికి పోయింది.

శేషప్ప లత వైపు చూశాడు. లత ఇతని వైపు చూసింది. ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు. ఎంతసేపు గడిచిందో. వీధిలో ఎవరి ఇంట్లోనో మగ్గం టకటకలాడుతోంది. మెల్లగా మంజు చేతులు కిందికి దిగాయి. ఒక పోగు ఏరింది. తల్లి అందుకుంది. ఇంకొకటి. తండ్రి తన వైపు కొసను చూపుడువేలితో చూపించాడు, మాట లేకుండా. మంజు తల ఊపింది.

పొద్దు వాలేదాకా ముగ్గురూ అట్లాగే కూర్చున్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు.